నీలకవచుడు రాని ఆట

అధ్యక్షా, సభ్యులారా,

నా మీద మోపిన అభియోగాన్ని మొదట నేనే చదువుతాను. మీరు చదివితే మెత్తగా చదువుతారు. "కరకట్ట నగర వార్షిక విపత్తు కవాతు కోసం విద్యాపీఠం రూపొందించిన ఆటలోంచి, ఎవరి అనుమతీ లేకుండా, నీలకవచుడనే వీరుణ్ణి తొలగించి, ఆ ఆటను నాలుగు వందల ఇళ్లలో ఆడించి, ప్రజల ధైర్యాన్ని దెబ్బతీసినందుకు న్యాయశాస్త్ర విద్యార్థిని విరజను బహిష్కరించాలి."

తొలగించాను. అనుమతి అడగలేదు. ఈ రెంటినీ ఒప్పుకోవడానికి నాకు న్యాయవాది అక్కర్లేదు. ప్రజల ధైర్యాన్ని దెబ్బతీశానన్న మాటకు మాత్రం జవాబు చెబుతాను. ఆట జట్టులో ప్రతివారూ నమోదు పుస్తకం రాయాలన్నది జట్టు పెద్ద ఆచార్య హయగ్రీవం గారు పెట్టిన నియమమే. రచయితగా నేను రాసిన పుస్తకంలోంచి కొన్ని రోజులు చదువుతాను. నన్ను సిగ్గుపరిచే వాక్యాలను కూడా దిద్దలేదు.

కట్ట కట్టిన 61వ ఏడు, మార్చి 11

ఈ ఉదయం ఉత్తమ రక్షక పతకం పొందిన పెద్దాయన ఇంటికి విచారణకు వెళ్లాం. చట్టం ప్రకారం పద్నాలుగేళ్లు దాటిన ప్రతివారూ ఏడాదికి నలభై గంటలు ఒంటికి తొడుగు వేసుకుని విపత్తు ఆట ఆడాలి. ఆటలో తుఫాను వస్తుంది, కరెంటు పోతుంది, సముద్రం నగరంలోకి రాకుండా లాకుల దగ్గర ఇనుప షట్టర్లను చేత్తో దించాలి. హ్యాండిల్ రెండు వందల ఇరవై చుట్లు తిరిగితే ఒక షట్టరు దిగుతుంది. ఆ బరువంతా తొడుగు మన చేతికీ వెన్నుకూ చూపిస్తుంది, కండరాలు నేర్చుకుంటాయి. ఈ పెద్దాయన నిరుడు పదకొండు లక్షల చుట్లు తిప్పినట్టు నమోదైంది. లోపలికి వెళ్లి చూస్తే ఆయన చేతితొడుగు సీలింగ్ ఫ్యాన్ రెక్కకు కట్టి ఉంది.

"ఏం చెయ్యమంటారండీ? ఆ ఆట ఆడితే నిద్రొస్తంది. ఫ్యానుకైతే రాదు గదా" అన్నాడాయన.

పక్కింట్లో కుట్టుమిషను చక్రానికి కట్టారు. ఆ వీధిలో తొడుగు ఒంటి మీద ఉన్న మనిషి ఒక్కరూ కనిపించలేదు.

"పతకం ఫ్యానుకే ఇవ్వాల్సింది. పాపం, అదైనా హాజరైంది" అన్నాడు జోజిబాబు, తిరిగి వస్తుంటే. జోజిబాబు నా సహాధ్యాయి. ఆటకు కోడ్ రాసేది అతనే.

సాయంత్రానికి ఆచార్య హయగ్రీవం గారి పరిష్కారం తయారైంది. ఊరంతా పదకొండు వారాలుగా ఈలలు వేస్తున్న 'నీలకవచుడు' సినిమానే కవాతు ఆటగా మార్చాలి. కథ అందరికీ తెలిసిందే: 38వ ఏటి ఉప్పెన, మూడో లాకు, కరెంటు పోయింది, లాకు మనుషులు అరుస్తూ పారిపోతారు; ఆకాశం నుంచి నీలిరంగు కవచం తొడుక్కున్నవాడు దిగివచ్చి, షట్టరును ఒక్క భుజంతో కిందికి నొక్కి నగరాన్ని కాపాడతాడు. ఆట రచన నాకు అప్పగించారు. చాలా సంతోషించాను.

ఏప్రిల్ 2

సినిమా తీసిన సంస్థ నుంచి షరతుల పత్రం వచ్చింది. వీరుడు ఓడిపోకూడదు. వీరుడికి చెమట పట్టకూడదు. వీరుడు కూర్చోకూడదు. ఏడో షరతు: వీరుడు తడవకూడదు. "ఉప్పెనలోనా?" అని జోజిబాబు రాసి పంపితే, "కవచం మెరుపు తగ్గుతుంది" అని జవాబు వచ్చింది.

షరతులన్నీ పాటించి మొదటి ఆట తయారుచేశాం. ఆడేవారే నీలకవచుడు. విద్యాపీఠం క్యాంటీన్‌లో వంటచేసే సుభాషిణి మా అమ్మకు చెల్లెలు; నచ్చనిదాన్ని నచ్చలేదని మొహం మీదే చెబుతుంది కాబట్టి తొడుగు మొదట ఆమెకే వేశాం. నాలుగు నిమిషాల్లో విప్పేసింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది పిన్నీ. గెలిచావు."

"నేనేం చేశాననే గెలవడానికి? చెయ్యి చాపాను, సముద్రం ఎనక్కి పోయింది. నా కూర అడుగంటినప్పుడు పడే కంగారు కూడా పడలేదు. వాడికేం కాదని తెలిసినాక నాకెందుకే బెంగ?"

సినిమా చూసేవారి చేతులు ఖాళీగా ఉంటాయి. ఈల వేయడానికి, చప్పట్లు కొట్టడానికి వాటికి ఒక గెలుపు కావాలి. ఆటలో చేతులు పనిలో ఉంటాయి. ఓడిపోయే అవకాశమే లేని పని చేతికి పని అనిపించదు. వాదన పోటీలో ప్రత్యర్థి రాకుండానే నన్ను విజేతగా ప్రకటించినప్పుడు నాకు కలిగిన అవమానమే పిన్ని ముఖంలో చూశాను.

ఏప్రిల్ 19

మూడు ప్రయత్నాలు, మూడూ చెత్తబుట్టలోకి. అలలను పదింతలు చేశాం. అతను పదింతలు తేలిగ్గా గెలిచాడు. బలానికి హద్దు పెట్టాం, సంస్థ ఒప్పుకోలేదు. మునుగుతున్నవారిలో ఎంతమందిని కాపాడితే అన్ని పాయింట్లు అన్నాం. అంటే కొందరు మునిగిపోతారనేగా అర్థం అని ఆచార్యులు కొట్టేశారు.

"మన వీరుడు ఎవరి మేనల్లుడో అయి ఉద్యోగంలో చేరినవాడిలా ఉన్నాడు. ఏ పనీ కష్టం కాదు, ఏ పనీ అప్పజెప్పకూడదు" అన్నాడు జోజిబాబు.

మే 27

దొరికింది. నేనే కనిపెట్టాను.

ఆడేవారు నీలకవచుడు కారు. హ్యాండిల్ తిప్పే మామూలు మనిషి. నలభై చుట్లు దాటేసరికి బలం గీత ఎర్రబడుతుంది, చేయి వణుకుతుంది. అప్పుడు హ్యాండిల్ వదిలి, కుడిచేతిని పైకెత్తి ఆకాశంలోకి చూడాలి. మూడు ఊపిరులు. నీలి వెలుగు. ఆయన దిగివచ్చి మిగతా పని పూర్తిచేస్తాడు. వీరుడు ఓడడు, చెమటోడ్చడు, తడవడు. ఆడేవారికి మాత్రం కష్టమూ ఉంటుంది, ఊరటా ఉంటుంది. తెర మీద కనిపించే వాక్యం నేను రాశాను: "అలసిన చేతిని పైకెత్తు, ఆకాశం వింటుంది." ఆ క్షణంలో తొడుగు వెన్ను మీద వెచ్చగా తట్టేలా జోజిబాబు అమర్చాడు.

పిన్ని గంటన్నర ఆడింది. క్యాంటీన్‌లో పప్పు మాడిపోయింది.

"ఒసే విరజా, వాడొచ్చి వెన్ను తట్టగానే ప్రాణం లేచొచ్చిందే!"

జూన్ 30

ముప్పై వేల ఇళ్లలోకి ఆట వెళ్లింది. ఫ్యాన్లకు కట్టిన తొడుగులు విప్పి మనుషులు వేసుకున్నారు. ఆరు వారాల్లో మనిషి ఆడే సగటు యాభై గంటలు దాటుతుందని అంచనా. ఆచార్యులు నా మెడలో దండ వేశారు.

ఒక్క నియమం మిగిలింది: కవాతు ఆట ఏదైనా సరే, ఒక లస్కరు ఆడి చూసి సంతకం పెట్టాలి. కాలువల కాలం నుంచీ లాకు మీద పనిచేసేవారిని లస్కర్లనే అంటారు. మూడో లాకు లస్కరు నాగూర్ వలీకి అరవై నాలుగేళ్లు. 38వ ఏటి ఉప్పెనలో ఆ లాకు మీద ఉన్న పన్నెండుమందిలో ఒకడు. నలుగురు ఆ రోజు తిరిగి రాలేదు.

"సినిమా చూశావా బాబాయ్?" అని అడిగాను.

"చూశానమ్మా. మా ఆవిడ రెండుసార్లు చూసింది. పిల్లగాడు బాగున్నాడు. షట్టర్ని భుజంతో నొక్కాడు గదా, మరి గాడిలో గ్రీజు ఎవరు పెట్టారో అది చూపించలా."

"మీరంతా ఎక్కడున్నారు సినిమాలో?"

"పారిపోయేవాళ్లలో ఉన్నాంలే. ఆ ఎర్రచొక్కావాడు నేనే అనుకుంటా" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

తర్వాత ఆట ఆడాడు. నలభై చుట్ల దగ్గర చేయి ఎత్తలేదు. యాభై. అరవై. ఎత్తనివారి కోసం అరవై దగ్గర వీరుడే దిగేలా ఏర్పాటు ఉంది, దిగాడు. వలీ తొడుగు విప్పి బల్ల మీద పెట్టాడు.

"ఇదేందమ్మా, చేస్తన్న పని మధ్యలో లాక్కుంటాడు? నేను తిప్పుతానంటే వినడేం?"

"అలిసిపోయినవాళ్ల కోసం బాబాయ్."

"అలిసిపోతే అలిసిపోవాల. చెయ్యి తియ్యటం ఏంది? హ్యాండిల్ మీద చెయ్యి తీస్తే అది ఎనక్కి తిరిగి కొడుద్ది. నేను సంతకం పెట్టను తల్లీ, ఏమనుకోమాక."

నా నివేదికలో "లస్కరుకు ఆట అర్థం కాలేదు" అని రాశాను. ఆచార్యులు సంతకం నియమాన్ని ఒక్క వాక్యంతో సడలించారు. నేను అభ్యంతరం చెప్పలేదు. నాకు దండ నచ్చింది.

ఆగస్టు 22

ఈ నమోదు రాయడానికి ఎడమచేతిని వాడుతున్నాను. కుడిచేతి మీద నాకు నమ్మకం పోయింది.

అమావాస్య పోటుకు అల్పపీడనం తోడై ఉదయం పది గంటలకు సముద్రం కట్ట అంచు దాకా లేచింది. మూడో లాకు మోటారు కాలిపోయింది. సైరన్ మోగిన ఏడు నిమిషాల్లో చుట్టుపక్కల ఇళ్ల నుంచి ఆరుగురు రక్షకులు లాకు మీదికి పరిగెత్తుకొచ్చారు. ఆరుగురూ మన ఆటలో తర్ఫీదైనవారు. వారి విజయాన్ని చిత్రీకరించి ప్రచారానికి వాడాలని ఆచార్యులు నన్ను కెమెరాతో పంపారు. వలీ హ్యాండిల్ దగ్గర ఉన్నాడు.

మొదటి ముప్పై చుట్లు నేను చూసిన పనులన్నిటిలోకీ అందమైనవి. ఇనుము మూలుగుతోంది, షట్టరు దిగుతోంది, భుజాలు కలిసి కదులుతున్నాయి. నలభయ్యో చుట్టు దగ్గర ఒకతను హ్యాండిల్ మీది నుంచి చేయి తీశాడు. తర్వాత రెండో ఆమె. తర్వాత అందరూ. ఆరు కుడిచేతులు పైకి లేచాయి. ఆరు ముఖాలు ఆకాశం వైపు తిరిగాయి. ఎవరూ పారిపోలేదు, సినిమా అక్కడ కూడా అబద్ధమే చెప్పింది. ఎవరి ముఖంలోనూ భయం లేదు. వెన్ను మీద వెచ్చటి తాకిడి కోసం ఎదురుచూస్తున్నవాళ్ల ప్రశాంతత ఉంది.

"పట్టుకోండ్రా! ఏం చూస్తన్నార్రా పైకి! పట్టుకోండ్రా!"

వలీ ఒక్కడే హ్యాండిల్ మీద వేలాడాడు. వెనక్కి తిరగకుండా ఆపే ఇనుప నాలుక విరిగింది. హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి అతని మోచేతినీ భుజాన్నీ కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నీటి హోరులో కూడా వినిపించింది.

నేను పరిగెత్తాననే అనుకున్నాను. పరిగెత్తలేదు. కెమెరా నా ఎడమచేతిలో ఉంది. పరీక్షల పేరుతో ఆ ఆటను రెండు వందల గంటలు ఆడినదాన్ని నేను. నా కుడిచేయి పైన ఉంది.

దిగువ వీధిలో పదకొండు ఇళ్లు మునిగాయి. ఎవరూ చనిపోలేదు. వలీ కుడిచేయి రెండుచోట్ల విరిగింది. ఆ చేయి ఇక హ్యాండిల్ తిప్పదని వైద్యులు చెప్పారు.

ఆగస్టు 25

విచారణ నివేదిక వచ్చింది. "ఇనుప నాలుక అరుగుదల. సిబ్బంది క్షణిక అలసట." ఆట అన్న మాట అందులో ఎక్కడా లేదు. నా కెమెరాలోని దృశ్యం ఎవరూ అడగలేదు.

జోజిబాబు ముప్పై వేల తొడుగుల రికార్డు తీశాడు. ముప్పై ఎనిమిదో చుట్టుకూ నలభై నాలుగో చుట్టుకూ మధ్య పదిమందిలో తొమ్మిదిమంది చేయి ఎత్తుతున్నారు. ఊరు ఊరంతటికీ ఒకే పొరపాటును, ఒకే క్షణంలో, ఎంతో సంతోషంగా చేయడం నేర్పాం.

సెప్టెంబరు 1

ఆచార్యుల గది.

"ఆటకూ దానికీ సంబంధం ఉందని రుజువు చెయ్యగలవా, విరజా?"

"చేతులెత్తినవాళ్లలో ఏడోదాన్ని నేనే, సర్."

"అది నీ బాధ. రుజువు కాదు. యాభై ఏడు గంటల సగటమ్మా! ఈ నగరంలో ఇప్పుడు ఫ్యానుకు తొడుగు కట్టేవాడు లేడు. అదంతా నీ వాక్యం వల్లే."

"నా ఫిర్యాదూ అదే సర్. ఫ్యాను మనిషికి ఏమీ నేర్పలేదు. నేను నేర్పాను."

"ప్రజలకు ఆశ కావాలి. వచ్చే ఏడు ఏవైనా చిన్న మార్పులు చూద్దాం."

"తుఫానులు వచ్చేది వచ్చే నెల."

ఆయన గడియారం వైపు చూశారు. నేను గెలిచిన పోటీలన్నిటిలోనూ అవతలివారు కనీసం వినేవారు.

సెప్టెంబరు 9

నేనూ జోజిబాబూ వలీ ఇంటికి వెళ్లాం. క్షమాపణ రాసుకుని వెళ్లాను, రెండు పేజీలు. అర పేజీ దాటకముందే ఆయన ఆపేశాడు.

"బాగా రాశావుగానీ, టీ చల్లారిపోద్ది. తాగు."

"బాబాయ్, ఆ రోజు పన్నెండుమంది రెండు వందల ఇరవై చుట్లు ఎట్లా తిప్పారు? అలిసిపోలేదా?"

"అలిసిపోకేం? ఇరవై చుట్లకి మారు." కట్టు లేని ఎడమచేతిని బల్ల మీద పెట్టాడు. "చెయ్యి పెట్టు దీని మీద. ఆఁ. ఇప్పుడు నీ చెయ్యి గట్టిగా పట్టినాక నా చెయ్యి కిందనించి జారుద్ది. చూశావా? ఖాళీ లేదు. కొత్త చెయ్యి పైకి రాకుండా పాత చెయ్యి కదలకూడదు. హ్యాండిల్‌కి మనిషి మారినట్టే తెలవకూడదు."

"అంతేనా?"

"తిట్టాల."

"ఏంటి?"

"మారు కోసం నిలబడ్డవాడు తిప్పేవాణ్ణి తిడతా ఉండాల. లేకపోతే వాడు నీళ్లు చూస్తాడు, గుండె జారుద్ది. 'ఏందిరా, మీ అత్తగారింట్లో పాయసం కలుపుతున్నావా, ఉండలు కడతాయి చూస్కో' అని. అయితే ఒకటి. తిట్టు కొత్తదై ఉండాల. పాతది తిడితే ఆ మనిషి ఇంకో ఇరవై చుట్లు ఎక్కువ తిప్పాల. అది మా కట్టుబాటు. ఆ ఉప్పెన రోజున నూటెనభై దాకా కొత్తవే తిట్టుకున్నాం. మా జట్టులో లస్కరు సత్యం పోయింది ఆ తర్వాతే. వాడి తిట్టు సగంలో ఆగిపోయింది."

చల్లారిన టీ ఇద్దరమూ తాగేశాం. వలీ భార్య కరీమున్నీసా గిన్నెలు తీసుకువెళుతూ, "అందుకే ఈయన ఇంట్లో కూడా నన్ను రోజుకొక రకంగా తిడతాడు" అంది.

బయటికి వచ్చాక జోజిబాబు కట్ట మీదే కూర్చుండిపోయాడు. "ఇది ఆటే విరజా. మనం పుట్టకముందు నుంచీ ఆటే. జత ఉంది, లయ ఉంది, ఓటమి ఉంది, నవ్వు ఉంది. మనం ఆరు నెలలు ఆ నీలంవాడి చుట్టూ తిరిగాం."

సెప్టెంబరు 21

కొత్త ఆట. రెండు తొడుగులు జతగా పనిచేస్తాయి. అవతలివారి చేయి మన చేయి మీద పడ్డ బరువు తెలుస్తుంది. ఖాళీ వస్తే హ్యాండిల్ వెనక్కి కొడుతుంది. పాత తిట్టును ఆట గుర్తుపట్టి ఇరవై చుట్లు శిక్ష వేస్తుంది. ఎవరూ ఆకాశం నుంచి దిగరు.

పిన్నీ, జోజిబాబూ ఒక జత.

"ఏరా జోజీ, మా క్యాంటీన్ పిల్లి ఇంతకంటే గట్టిగా పాలగిన్నె దొర్లిస్తుందిరా!"

"మీ సాంబారు తిన్న చెయ్యి గదండీ పిన్నిగారూ, ఇంతకుమించి బలం ఎక్కడి నుంచి వస్తుంది?"

పిన్ని నవ్వింది, పట్టు జారింది, సముద్రం లోపలికి వచ్చింది. ఓడిపోయారు. మళ్లీ ఆడతానంది. మూడుసార్లు ఓడిపోయారు. మూడోసారి నూట తొంభై ఎనిమిదో చుట్టు దగ్గర ఓడినప్పుడు పిన్ని జోజిబాబును తిట్టిన తిట్టు ఈ సభలో చదవలేను. నాలుగోసారి షట్టరు నేలను తాకింది. పిన్ని తొడుగుతోనే నేల మీద కూర్చుంది. నా వైపు చూసింది.

"వాడు రాలేదేంటే?"

"ఎవరు?"

"ఆ నీలంవాడు."

"వస్తే బాగుండేదా?"

ఆలోచించింది. "వద్దులే. వస్తే అంతా నేనే చేశానంటాడు."

సెప్టెంబరు 28

దిగువ వీధుల్లోని నాలుగు వందల ఇళ్లు కొత్త మార్పుల పరీక్షకు కేటాయించినవి. ఆ ఇళ్ల తొడుగుల్లో పాత ఆట తీసేసి కొత్తది పెట్టాం. నిర్ణయం నాది. జోజిబాబు నా మాట మీద మీట నొక్కాడు.

మొదటిరోజు రెండు వందల పదకొండు ఫిర్యాదులు. "మా వీరుడు ఎక్కడ?" "మా నాన్న చెయ్యెత్తి పావుగంట నిలబడ్డాడు, మీకు మనసు లేదా?" ఆ రెండో ఉత్తరం నన్ను కుదిపింది, అయినా ఆట ఆపలేదు. ఆ తండ్రి లాకు మీద నిలబడకూడదనే ఇంట్లో నిలబెట్టాను.

అక్టోబరు 2

ఈ రోజు వచ్చిన ఫిర్యాదులు తొమ్మిది. వాటిలో ఆరు, తమ వీధి తిట్లను పక్క వీధివాళ్లు దొంగిలిస్తున్నారని. నలభై దగ్గర చేయెత్తేవారు పదిమందిలో తొమ్మిదిమంది నుంచి ఇద్దరికి తగ్గారు. అయిదు రోజుల్లో.

అక్టోబరు 3

కొత్త ఆటను ఉపసంహరించారు. నాలుగు వందల ఇళ్లలోకీ నీలకవచుడు తిరిగి వచ్చాడు. నా గది తలుపుకు అభియోగ పత్రం అంటించారు.

అక్టోబరు 8

ఆ నాలుగు వందల ఇళ్ల రికార్డు మళ్లీ చూశాం. చేయెత్తేవారు పదిమందిలో అయిదుగురు అయ్యారు. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడింది.

నమోదు పుస్తకం ఇంతటితో ముగిసింది. ఈ రోజు అక్టోబరు తొమ్మిది. అయిదో రోజున ఆ తుఫాను మన కట్ట మీదికి వస్తుందని వాతావరణ శాఖ ఈ ఉదయం ప్రకటించింది. ఈ సభలో ఆ ప్రకటన గురించి ఇంతవరకూ ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. నన్ను ఏ వాక్యంతో బహిష్కరించాలన్న దాని మీద గంటన్నర చర్చించారు.

ధైర్యాన్ని దెబ్బతీశానన్నారు. ఏ ధైర్యాన్ని? ఆగస్టు ఇరవై రెండున మూడో లాకు మీదికి ఆరుగురు, సైరన్ వినగానే, ఎవరూ పేరుపెట్టి పిలవకుండానే పరిగెత్తుకొచ్చారు. అదీ ధైర్యం. ఆ ధైర్యాన్ని నలభయ్యో చుట్టు దగ్గర పనికిరాకుండా చేసింది నేను రాసిన ఒక అందమైన వాక్యం. ఆ నేరానికి మీరు నాకు దండ వేశారు. ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకున్నందుకు బహిష్కరిస్తున్నారు. మీ శిక్షాస్మృతిలో ఈ రెంటి వరుస తారుమారైంది.

కొత్త ఆటలో ఆశ లేదని ఆచార్యులు ఇందాక అన్నారు. సర్, మీరు ఒక్కసారైనా అది ఆడారా? చేతి కండరాలు తెగిపోతున్నాయనుకున్న క్షణంలో ఇంకొకరి చేయి వచ్చి మన చేతి మీద పడుతుంది. ఆ చేయి గట్టిగా పట్టుకునేదాకా మనం వదలం. దానికి మీరు ఏ పేరు పెడతారో నాకు తెలియదు. నేను మాత్రం ఆశ అనే అంటాను. పైగా ఆ ఆట సరదాగా ఉంటుంది. మీరు నన్ను ఆట జట్టులో చేర్చుకున్నది దానికోసమే.

సినిమా వాళ్ల షరతులు నాకు తెలుసు. వీరుడు తడవకూడదు. సరే, ఆయన్ను తడపొద్దు. సినిమా హాల్లో మెరుస్తూ ఉండనివ్వండి. నేనూ వెళ్లి ఈల వేస్తాను. లాకు మీద తడిసేది మన ఒళ్లు. అక్కడి నియమాలు వలీ వంటివారు రాయాలి, ఒప్పంద పత్రాలు కాదు.

కాబట్టి ఈ సభను అడగడం లేదు, డిమాండ్ చేస్తున్నాను. ఈ రోజు పొద్దుగూకేలోగా ముప్పై వేల ఇళ్లలోంచి పాత ఆటను తీసేయండి. జోజిబాబు కొత్తదాన్ని సిద్ధంగా ఉంచాడు. దాన్ని అన్ని ఇళ్లలోకీ పంపే తాళం మాత్రం ఆచార్యుల దగ్గర ఉంది. అయిదు రోజుల్లో చేతుల అలవాటు పూర్తిగా మారదు, రికార్డు చూశాను, అయినా చాలావరకు మారుతుంది. అది చేశాక నా బహిష్కరణ మీద ఓటు వేయండి. నేను ఎక్కడికీ పారిపోను.

ఆట ఒక్కటే చాలదు. ఏడు లాకులు. లాకుకు రెండు హ్యాండిళ్లు, హ్యాండిలుకు ఆరుగురు. ఎనభై నాలుగు మంది కావాలి. నగరంలో చేతులు బాగున్న లస్కర్లు ఇరవై తొమ్మిది మంది. మిగిలింది యాభై అయిదు. రేపు ఉదయం ఆరు గంటలకు నాగూర్ వలీ మూడో లాకు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. నిజమైన హ్యాండిల్ మీద, తొడుగు లేకుండా, చేయి మీద చేయి వేయడం నేర్పుతాడు. బాగా తిడతాడు, ముందే చెబుతున్నాను.

నా పేరు రాసుకోండి. జోజిబాబు పేరు రాసుకోండి. వంటల సుభాషిణి పేరు రాసుకోండి. ఆమె పొద్దున్నే ఇచ్చింది. యాభై రెండు మిగిలాయి. ఈ హాలులో మూడు వందల మంది కూర్చుని ఉన్నారు.

పేర్లు చెప్పండి. ముందు వరుస నుంచి మొదలుపెట్టండి.